పబ్లిక్ ట్రస్టా, సీక్రెట్ క్లియరెన్సా?

అమెరికా ప్రభుత్వ ప్రాజెక్టుల్లో కాంట్రాక్టు ఐటీ పని వెతుక్కునే మనవాళ్లకు ఈ రెండు మాటలూ తరచుగా వినిపిస్తాయి. క్లియరెన్స్ అంటే ప్రభుత్వ రహస్య సమాచారం చూడటానికి ఇచ్చే అనుమతి. పబ్లిక్ ట్రస్ట్ అసలు క్లియరెన్స్ కాదు, మనిషి నమ్మదగినవాడేనా అని చూసే విచారణ. దీనికి నింపాల్సిన ఫారం ఎస్ఎఫ్-85పి. కొన్ని శాఖలు గ్రీన్ కార్డు ఉన్నవాళ్లనూ తీసుకుంటాయి.

సీక్రెట్‌కు అమెరికా పౌరసత్వం ఉండాల్సిందే. దీని ఫారం ఎస్ఎఫ్-86లో పదేళ్ల చిరునామాలు రాయాలి. గుంటూరులో ఉన్న అమ్మానాన్నలు, అత్తమామల పుట్టిన తేదీలు, పౌరసత్వాలు కూడా చెప్పాలి. ఊళ్లో పొలం మీ పేరున ఉంటే అదీ రాయాలి. ఇక్కడే కొందరు టెన్షన్ పడి దాచేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. పొలం ఉండటం కన్నా దాన్ని దాచడమే కొంప ముంచుతుంది.

రెండిటికీ సొంతంగా అప్లై చేసుకోలేం, ఉద్యోగం ఇచ్చేవాళ్ల ద్వారానే జరగాలి. డబ్బు కడితే క్లియరెన్స్ ఇప్పిస్తామనే కన్సల్టెన్సీలను నమ్మొద్దు. పౌరసత్వం ఇంకా రానివాళ్లు పబ్లిక్ ట్రస్ట్ పనులే చూసుకోవడం మేలు.