నడుముకు లేజర్ పెట్టించుకుంటే పుట్టుమచ్చ అలిగింది

నొప్పి తగ్గడానికి ఒంటిమీద పెట్టే లేజర్ కాంతి, వేడి ఎంత తగిలితే అంత లోతుకు దిగినట్టని విజయవాడలో నేను వెళ్లే ఫిజియోథెరపీ కేంద్రంలో తరచూ అంటుంటారు. ఏడాది దాటి పెట్టించుకుంటున్నాను. నా కోపమంతా ఈ ఒక్క మాట మీదే.

నాది ఇక్కడి బట్టల మార్కెట్ వస్త్రలతలో కొట్టు. పై అరల నుంచి తానులు దింపీ దింపీ నడుముకు కుడిపక్కన, వేలితో నొక్కినా అందనంత లోతున కండరం పట్టేసింది. పూతమందులు పైపైనే తిరిగాయి. లేజర్ మొదలుపెట్టిన కొన్ని వారాలకు పొద్దున్నే మంచం పట్టుకోకుండా లేవగలిగాను. కొట్టుకు వచ్చిన ప్రతివారికీ ఆ సంగతి చెప్పాను.

ఎప్పుడూ చేసే మేడమ్ యంత్రం తలను ఒంటికి ఆనించి, అదిమి, ఇస్త్రీపెట్టెలా ఆగకుండా జరుపుతుంటారు. ఒకరోజు ఆవిడ రాలేదు. కొత్త కుర్రాడు దాన్ని ఒకేచోట నిలిపాడు. సరిగ్గా అక్కడే నాకు శనగగింజంత నల్లటి పుట్టుమచ్చ ఉంది. సుర్రుమంది. "బాబూ, మండుతోంది" అన్నాను. "బాగా పని చేస్తోంది బాబాయ్‌గారూ, కాస్త ఓర్చుకోండి" అన్నాడు. ఓర్చుకోలేక పక్కకు దొర్లాను. ఇంటికి చేరేసరికి మచ్చ చుట్టూ కందిపోయింది, మర్నాటికి బొబ్బెక్కింది. అది మానేదాకా ప్యాంటు బెల్టు పెట్టుకోలేదు.

తర్వాత మేడమ్ విడమరిచి చెప్పారు. అర వాటు శక్తి దాటితే 4వ తరగతి లేజర్, అంటే లేజర్ల ప్రమాద స్థాయిల్లో అన్నిటికన్నా పైది, ఇక్కడిది అదే. దాని 810, 980 నానోమీటర్ల తరంగదైర్ఘ్యపు కాంతి కంటికి ఆనదు. మనం చూసే ఎర్ర చుక్క గురి కోసమే, అందుకే గదిలో అందరికీ కళ్లద్దాలు. చర్మానికీ పుట్టుమచ్చకూ నలుపునిచ్చే మెలనిన్ ఆ కాంతిని పైనే పీల్చి వేడిగా మార్చేస్తుంది. అంటే పైన మండిందంతా కండరానికి అందకుండా పోయినదే! లోపలికి చేరే కొద్దిపాటి కాంతిని కణాల్లోని మైటోకాండ్రియా అందుకుని శక్తి తయారీ పెంచుతుందని, దానితో వాపూ నొప్పీ తగ్గుతాయని అంటారు. తలను అదిమితే అక్కడి రక్తం పక్కకు జరిగి కాంతికి దారి సులువవుతుందట. మా ఇంటి చామనఛాయలకు వాట్లు తగ్గించి, చేయి కదుపుతూ ఉండాలి. ఇప్పుడు ఆవిడ మచ్చను తప్పించి చుట్టూ తిప్పుతున్నారు.

నా పొగడ్తలో కొంత తగ్గించుకోవాలి. అదే వారాల్లో వ్యాయామాలూ మొదలయ్యాయి, తానులు దింపే పని మా అబ్బాయికి వెళ్లింది. ఆషాఢం అమ్మకాల హడావిడిలో వ్యాయామం మానేస్తే లేజర్ హాయి రెండు మూడు రోజులకు మించి నిలవలేదు. పైగా నాది ఒట్టి కండరం పట్టు. నొప్పి కాలిదాకా పాకే పక్క కొట్టాయనకు దీనితో ఏమీ ఒరగలేదు, స్కానింగ్‌లో డిస్కు తేడా బయటపడింది. సుగరుతో స్పర్శ తగ్గినవారికి నాలా మంట వెంటనే తెలియకపోవచ్చు కూడా. గల్లా దగ్గర కూర్చునేవాణ్ని కనుక నాకు ఈ ఖర్చు సాగుతోంది. మూటలు మోసే మా హమాలీకి వెళ్లమని చెప్పలేను. నేను మాత్రం వెళుతూనే ఉన్నాను, బయలుదేరేముందు ఫోను చేసి ఆ పూట ఎవరున్నారో కనుక్కుని.