సగటా, మధ్యగతమా: మిర్చి ధరకు ఏది మేలు?

మిర్చి సీజన్‌లో వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు వెళ్లి "ఈరోజు ధర ఎంత?" అని అడిగితే ఒక్క అంకెలో జవాబు దొరకదు. మంచి తేజ రకానికి ఒక రేటు, తాలుకు (రంగు పోయిన నాసి కాయకు) ఇంకో రేటు. ధరల పట్టికలో కూడా కనిష్ఠం, గరిష్ఠం, మోడల్ (ఎక్కువ సరుకు అమ్ముడైన ధర) అని మూడు ఉంటాయి. వరంగల్, హనుమకొండ డిగ్రీ పిల్లలు స్టాటిస్టిక్స్ ప్రాజెక్టు కోసం అక్కడ కొన్ని లాట్ల (విడివిడిగా అమ్మే సరుకు కుప్పల) ధరలు రాసుకొస్తే, వాటికి సగటు తీయాలా, మధ్యగతం (ధరలను వరుసలో పేరిస్తే సరిగ్గా నడుమ ఉండేది) తీయాలా?

"అవుట్‌లయర్ (మిగతావాటికి బాగా దూరంగా ఉన్న అంకె) ఉంటే మధ్యగతం" అని గైడ్లో ఉంటుంది. తప్పేం కాదు గానీ, అది చేతిలో ఉన్న ఒక్క శాంపిల్‌ను చూసి చెప్పే మాట. ఇదే పనిని ఇంకొకరు వేరే లాట్లతో చేస్తే వాళ్ల జవాబు మన జవాబుకు ఎంత దూరంలో ఉంటుందన్నది అసలు ప్రశ్న. సాధ్యమయ్యే శాంపిళ్లన్నిటికీ లెక్క కట్టి, జవాబులు ఎలా పరుచుకున్నాయో చూస్తే అదే శాంపిలింగ్ డిస్ట్రిబ్యూషన్.

చిన్న లెక్క చేద్దాం. అంకెలు ఊహించుకున్నవే. మార్కెట్ మొత్తంలో ఐదే లాట్లు, బరువులు సమానం. క్వింటా ధరలు 13,800, 14,000, 14,200, 14,300, ఒక తాలు లాట్ 6,700. అసలు సగటు 12,600, అసలు మధ్యగతం 14,000. మూడేసి లాట్లు తీస్తే పది శాంపిళ్లు వస్తాయి.

మధ్యగతాలు: మూడుసార్లు 13,800, నాలుగుసార్లు 14,000, మూడుసార్లు 14,200. ఎవరు తీసినా అటూ ఇటూ రెండొందల తేడా.

సగటు సంగతే వింత. తాలు పడ్డ ఆరు శాంపిళ్లలో సగటు 11,500 నుంచి 11,733 దాకా, తాలు పడని నాలుగింటిలో 14,000 నుంచి 14,167 దాకా వస్తుంది. ఈ పది సగటుల సగటు కచ్చితంగా 12,600. అంటే పక్షపాతం లేదు, ఇంగ్లీషులో అన్‌బయాస్డ్. కానీ ఏ ఒక్క శాంపిలూ 12,600 దరిదాపుల్లోకి రాలేదు! పుస్తకంలో "అన్‌బయాస్డ్" అని చూడగానే మార్కులు వేసేవాళ్లు ఇది ఒకసారి చేసి చూడాలి. మధ్యగతాల సగటు కూడా 14,000కు సరిపోయింది గానీ, అది ఈ అంకెల పుణ్యం. సగటుకైతే ఎప్పుడూ సరిపోతుంది.

మరి మధ్యగతమే గెలిచిందా? తాలు సగం దాకా ఉన్న రోజు చూడండి. అప్పుడు మధ్యగతం ఒక శాంపిల్‌లో 6,700 అంటుంది, ఇంకోదాంట్లో 14,000 అంటుంది. మధ్యగతం చుట్టుపక్కల ధరలే లేకపోతే దానికి నిలకడ ఉండదు, శాంపిల్ పెంచినా ఊగుతూనే ఉంటుంది. సగటు అలా కాదు. లాట్లు వేలల్లో ఉన్న మార్కెట్‌లో శాంపిల్ పెంచుతూ పోతే మనం చూసిన ఆ రెండు గుంపులూ కలిసిపోయి, గంట ఆకారంలోకి వస్తాయి. కేంద్రీయ అవధి సిద్ధాంతం చెప్పేది ఇదే. ఆ సగటుల వ్యాప్తి σ/√n (σ అంటే ధరల ప్రామాణిక విచలనం, n అంటే శాంపిల్‌లోని లాట్ల సంఖ్య), కాబట్టి తేడా సగానికి తగ్గాలంటే నాలుగింతల లాట్లు చూడాలి.

కనిష్ఠం, గరిష్ఠం కలిపి రెండుతో భాగించే పద్ధతి ఇక్కడ పనికిరాదు. తాలు పడితే 10,500 దగ్గర, పడకపోతే 14,000, ఆపైన. ధరలు ఒక హద్దు నుంచి ఇంకో హద్దు దాకా సమానంగా పరుచుకుంటే మాత్రం ఇదే సగటును ఓడిస్తుంది. మిర్చి ధరలు అలా ఎక్కడ ఉంటాయి!

అడిగేది ఎవరన్నదీ చూడాలి. ఖరీదుదారుకు మొత్తం సొమ్ము కావాలి, అది సగటు నుంచే వస్తుంది (బరువులు వేరైతే బరువు కట్టిన సగటు). మధ్యగతాన్ని లాట్ల సంఖ్యతో గుణిస్తే ఏమీ తేలదు. "నాలాంటి సరుకుకు ఎంత పడుతోంది?" అనే రైతుకు మధ్యగతం దగ్గర.

ప్రాజెక్టుకైతే తాలును ముందే వేరు చేసి రాసుకోమంటాను. ఒకే గ్రేడు ధరలు నార్మల్‌కు (ఆ గంట ఆకారానికి) దగ్గరగా ఉంటే సగటుదే పైచేయి: పెద్ద శాంపిళ్లలో మధ్యగతం వ్యాప్తి సగటు వ్యాప్తికి 1.25 రెట్లు, అంటే 100 లాట్ల మధ్యగతం ఇచ్చే భరోసాను 64 లాట్ల సగటే ఇస్తుంది. అన్నీ కలిపి రాసుకొస్తే, తాలు సగానికి దగ్గర కానంతవరకు, మధ్యగతమే వేయండి.