డబుల్ డిలైట్ గులాబీ: డాబా మీద ఆరేళ్లు

హైదరాబాద్‌లో మా డాబా మీద డబుల్ డిలైట్ అంటు మొక్క ఆరేళ్లుగా ఒకే కుండీలో ఉంది. ఇన్నేళ్లైనా పొద్దున్నే ముందు దాని దగ్గరికే వెళ్తాను.

మొగ్గ విచ్చుకునేటప్పుడు రేకలు మీగడ రంగులో ఉంటాయి, అంచులకు మాత్రం పారాణి పెట్టినట్టు ఎరుపు. రోజు గడిచేకొద్దీ ఆ ఎరుపు లోపలికి పాకుతుంది. మూడో రోజుకి నడిమధ్యలో కాస్త మీగడ మిగులుతుంది, అంతే. ఏ రెండు పూలూ ఒక్కలా ఉండవు. ఒక వేసవిలో మొక్క మాడిపోతుందని పైన షేడ్ నెట్ కట్టాను. పూలన్నీ పాలిపోయి తెల్లగా వచ్చాయి. అంటు పోయి, దాన్ని కట్టిన అడుగు మొక్కే పెరిగిందేమోనని భయపడ్డాను. నెట్ తీశాక వచ్చిన పూలకి మళ్లీ ఎరుపు ఎక్కింది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగిలితేనే ఆ రంగు తేలుతుందని అప్పుడు తెలిసింది. అందుకే నీడ పడే బాల్కనీకి ఈ రకం వద్దంటాను.

రంగు ఒక ఆనందమైతే వాసన రెండోది, పేరు అలాగే వచ్చింది. నాటు గులాబీలా ఉత్త తీపి వాసన కాదు, కాస్త మసాలా ఘాటు కలిసి ఉంటుంది. ఒక్క పువ్వు గ్లాసులో పెడితే గదంతా తెలుస్తుంది. 1977లో అమెరికాలో విడుదలైన ఈ రకాన్ని గ్రనాడా, గార్డెన్ పార్టీ అనే రెండు గులాబీలను కలిపి తీశారు. ప్రపంచ గులాబీ సమాఖ్య 1985లో దీన్ని తన హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చింది.

వానాకాలం వస్తే మాత్రం నాకు టెన్షనే. నల్లమచ్చ తెగులు దీన్ని తొందరగా పట్టుకుంటుంది. రెండో ఏడాది ఆగస్టులో ఆకులన్నీ పసుపెక్కి రాలి, ఉత్త పుల్లలు మిగిలాయి. అప్పటినుంచి నీళ్లు మొదట్లోనే పోస్తున్నాను, రాలిన ఆకు ఒక్కటి కూడా కుండీలో ఉంచను. మచ్చ కనబడగానే మాంకోజెబ్ అనే తెగులు మందు లీటరు నీళ్లకి 2 గ్రాములు కలిపి కొడతాను. చలికాలంలో బూడిద తెగులూ వస్తుంది కానీ ఇంత బాధ పెట్టదు.

అక్టోబరులో వానలు తగ్గాక, బయటివైపు చూసే కన్నుకి, అంటే కొత్త చిగురు వచ్చే చోటుకి, కాస్త పైన కొమ్మల్ని ఏటవాలుగా కత్తిరిస్తాను. మాగిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి వేస్తాను. నెలన్నరకల్లా పూత మొదలవుతుంది. డిసెంబరు పూలు అరచేయంత ఉంటాయి, ఏప్రిల్లో అందులో సగమే.

రోజూ పూజకి గంపెడు పూలు కావాలనుకునే ఇంటికి నాటు గులాబీయే మేలు. నేనైతే వచ్చే అక్టోబరుకి ఇదే రకంలో ఇంకో మొక్క తెచ్చుకుంటాను. ట్యాంకు పక్కన, రోజంతా ఎండ పడే చోటు చూసిపెట్టాను.