గోడ కట్టడమా, ఇల్లు మార్చడమా: ఏటి ఒడ్డు బస్తీలకు ఏది మేలు?

2024 సెప్టెంబర్ మొదటి వారంలో విజయవాడ ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణా నది 11.43 లక్షల క్యూసెక్కులతో పారింది. బ్యారేజీ కట్టాక అంత వరద ఎప్పుడూ రాలేదు. అయినా దాని కిందనే ఒడ్డున ఉన్న కృష్ణలంక బస్తీలు మునగలేదు. అదే నెలాఖరున హైదరాబాద్‌లో మూసీ ఒడ్డున, చాదర్‌ఘాట్ పక్కనున్న శంకర్‌నగర్, మూసానగర్ లాంటి బస్తీల్లో అధికారులు ఇంటింటికీ తిరిగి గోడల మీద ఎర్ర రంగుతో ‘ఆర్‌బీ-ఎక్స్’ అని రాసి వెళ్లారు. ఈ ఇల్లు నది గర్భంలో ఉంది, ఖాళీ చేయాలి అని దాని భావం.

విజయవాడలో మనుషుల్ని ఉన్నచోటే ఉంచి, నదికీ వాళ్లకీ మధ్య కాంక్రీటు గోడ లేపారు. హైదరాబాద్‌లో మనుషుల్నే లేపి డబుల్ బెడ్‌రూం ఇళ్లకు పంపారు. ఏటి ఒడ్డున, కాలవ గట్టున పేదలుండే ప్రతి ఊళ్లోనూ ఇవాళ కాకపోతే రేపు ఈ రెండింట్లో ఏదో ఒకటి తేల్చుకోక తప్పదు. గోడ గొప్పదనేవాళ్లు కృష్ణలంకను చూపిస్తారు, ఇల్లు ఇవ్వడమే న్యాయమనేవాళ్లు మూసీ కంపును చూపిస్తారు. నేను మాత్రం రెండే విషయాలు అడుగుతాను. కొత్త ఇల్లు పనికి ఎంత దూరం? కొత్త ఇల్లు వరదకు ఎంత ఎత్తు? వీటికి సరైన జవాబు లేనప్పుడు గోడే మేలు. ఆ గోడకు కూడా చోటు లేని నదులున్నాయి, ఆ సంగతి తర్వాత చెబుతాను.

ముందు గోడ సంగతి. కృష్ణలంకలోని రాణిగారితోట, తారకరామానగర్, భూపేష్ గుప్తా నగర్, రణదివె నగర్ పేర్లు విజయవాడలో వరద వార్తలు చదివేవాళ్లందరికీ తెలిసినవే. 2009లో మునిగాయి, 2019లో మళ్లీ నీళ్లొచ్చాయి. బ్యారేజీ గేట్లు ఎత్తుతున్నారని మైకులో చెప్పగానే మూటాముల్లె సర్దుకోవడం, స్కూలు గదుల్లో పడుకోవడం, నీళ్లు దిగాక బురద ఎత్తిపోసుకోవడం అక్కడ అలవాటైపోయిన పని. రిటైనింగ్ వాల్ యనమలకుదురు వైపు నుంచి విడతలవారీగా వచ్చింది. ఒక ప్రభుత్వం మొదలుపెడితే ఇంకో ప్రభుత్వం కొనసాగించింది. ఆ ఘనత ఎవరిదన్న వాదన టీవీ డిబేట్లలో ఇంకా నడుస్తూనే ఉంది, మనకది అక్కర్లేదు. 2024లో నది గోడకు ఆనుకుని పారుతుంటే ఇవతల జనం రాత్రంతా టెన్షన్‌గా కూర్చున్నారు, కానీ ఇళ్లలోనే కూర్చున్నారు.

గోడ వల్ల కలిసొచ్చేది వరద రోజు కన్నా మిగతా మూడొందల అరవై రోజుల్లోనే ఎక్కువ. కృష్ణలంక నుంచి పండిట్ నెహ్రూ బస్టాండుకు నడిచిపోవచ్చు. వన్‌టౌన్ మార్కెట్టు, రైల్వే స్టేషను, బీసెంట్ రోడ్డు షాపులు, అన్నీ చేతికందే దూరమే. తెల్లారకముందే లారీ దించే హమాలీకీ, ఉదయం నాలుగిళ్లలో అంట్లు తోమి పదింటికల్లా తన ఇంట్లో పొయ్యి వెలిగించుకునే ఆవిడకీ ఆ దూరమే ఆస్తి. పట్టా లేకపోవచ్చు, పైన రేకులే ఉండొచ్చు. కానీ ఊరి నడిబొడ్డున ఉన్నారు.

గోడ కట్టేశాక అంతా సుఖమేనా అంటే అదీ కాదు. నది పైకి లేచినప్పుడు ఊరి డ్రెయిన్లలోంచి నీళ్లు వెనక్కి తన్నకుండా షట్టర్లు దించాలి. దించితే ఊళ్లో పడిన వాన బయటికి పోదు. అప్పుడు మోటార్లు పెట్టి తోడాలి. ఆ మోటార్లకు డీజిల్ ఉందా, ఆపరేటర్ ఉన్నాడా, షట్టర్ తుప్పు పట్టి ఇరుక్కుపోయిందా అన్నది ఏటా మే నెలలో ఎవరో ఒకరు చూడాలి. గోడ కట్టినప్పుడు శిలాఫలకం ఉంటుంది, షట్టర్‌కు గ్రీజు పూస్తే ఎవరూ రిబ్బన్ కట్ చేయరు. ఇంకో చిక్కు అద్దెలు. వరద భయం పోయి, ఒడ్డున పార్కు వచ్చాక ఆ జాగా ధర ఊరుకోదు. సొంత ఇల్లున్నవాడు సంతోషిస్తాడు, అద్దెకున్నవాడు సామాన్లు సర్దుకుంటాడు. అందుకే గోడతో పాటే పట్టా కూడా ఇవ్వాలని నా గట్టి అభిప్రాయం. పట్టా లేని గోడ సగం పనే.

ఇప్పుడు ఇళ్ల మార్పిడి. దీన్ని తేలిగ్గా కొట్టిపారేయను. మూసీ ఒడ్డున రాత్రి కిటికీ తెరిచి పడుకున్నవాళ్లకు తెలుసు ఆ గాలి ఎలాంటిదో. దోమలు, పాములు, వర్షాకాలం వస్తే గుమ్మం దాకా నల్లటి నీళ్లు. అలాంటి చోటు నుంచి 560 చదరపు అడుగుల ఇంటికి, లోపలే బాత్రూమున్న ఇంటికి, తలుపేసుకుంటే ఆడపిల్లకు ఒక గది ఉన్న ఇంటికి పోవడం చిన్న సంగతి కాదు. ఇష్టంగా వెళ్లినవాళ్లు ఉన్నారు, వాళ్లను తప్పుపట్టడానికి నేనెవర్ని?

అయితే ఒక ఇడ్లీ బండిని తీసుకుని చూడండి. బస్తీలో బండి గుమ్మం ముందే ఉంటుంది. రాత్రి రుబ్బిన పిండి డ్రమ్ము పొద్దున్నే నాలుగడుగుల దూరంలో బండెక్కుతుంది. చట్నీ అయిపోతే పిల్లవాడు లోపలికి పరిగెత్తి తెస్తాడు. అదే కుటుంబం ఆరో అంతస్తుకు పోతే పిండి డ్రమ్ము, గ్యాస్ బండ, నీళ్ల బిందెలు లిఫ్టులో దిగాలి. లిఫ్టు పనిచేస్తేనే దిగుతాయి. బండిని రాత్రి కింద వదిలితే పొద్దున టైర్లుంటాయన్న నమ్మకం లేదు. పాత గిరాకీ పాత సందులోనే ఉండిపోయింది, కొత్త బ్లాకులో అందరూ తనలాంటివాళ్లే, రోజూ బయట టిఫిన్ కొనేంత డబ్బు ఎవరికీ ఆడదు. పైగా మెయింటెనెన్స్ అని, కామన్ కరెంటు బిల్లని నెలనెలా ఒక కొత్త ఖర్చు. ఆడవాళ్లకు ఇప్పుడు బస్సు ఫ్రీయే, చార్జీ బాధ తప్పింది. కానీ తెల్లవారుజామున అయిదింటికి బస్సు ఉండాలి కదా, రానూపోనూ పోయే గంటల సంగతేమిటి? ఆ గంటల్లోనే ఇంకో రెండిళ్లు ఊడ్చేది ఆవిడ.

పేచీ వచ్చే చోటు ఇంకొకటుంది. మూసీ ఒడ్డున ఇల్లు ఒకటే ఉండొచ్చు, అందులో ముగ్గురు అన్నదమ్ముల కాపురాలు ఉంటాయి. మధ్యలో పరదా కట్టుకుని, వెనకాల ఒక రేకుల గది వేసుకుని ఏళ్లుగా నెట్టుకొచ్చారు. సర్వేలో ఒక ఇంటి నంబరుకు ఒక ఫ్లాట్ అని రాస్తే మిగతా ఇద్దరూ ఎక్కడికి పోవాలి? అద్దెకున్నవాళ్లయితే చాలాసార్లు ఆ కాగితంలోకే రారు.

రెండు ఊళ్లకూ కలిసిన అంకె ఒకటుంది. మూసీ ఒడ్డు ఖాళీ చేసినవాళ్లకు సామాన్ల ఖర్చు కింద తెలంగాణ ప్రభుత్వం ఇచ్చింది 25 వేలు. విజయవాడ వరదలో కింది అంతస్తు మునిగిన ఇంటికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చిందీ 25 వేలే, పై అంతస్తులకు 10 వేలు. మొదటిది ఇల్లు వదిలినందుకు, రెండోది ఇల్లు మునిగినందుకు. పరుపులు, ఫ్రిజ్జు, కుట్టు మిషను, పిల్లల సర్టిఫికెట్లు బురదలో కలిసిపోయిన ఇంటికి ఆ డబ్బు ఏ మూలకొస్తుందో వేరే చెప్పాలా?

విజయవాడ వరద అనగానే నాకు కృష్ణలంక కన్నా ముందు వాంబే కాలనీ గుర్తొస్తుంది. కృష్ణ పక్కన గోడ నిలబడిన ఆ రోజుల్లోనే ఊరికి ఉత్తరాన బుడమేరు వాగు విరుచుకుపడింది. దాని మళ్లింపు కాలవ గట్టుకు మూడు చోట్ల గండ్లు పడితే పూడ్చడానికి సైన్యం రావాల్సి వచ్చింది. సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ, జక్కంపూడి వైపు బ్లాకులు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. డ్రోన్లతో అన్నం పొట్లాలు వేశారు, పాల ప్యాకెట్ల కోసం జనం గొంతు లోతు నీళ్లలో నడిచారు. వాంబే కాలనీ అంటే ఏమిటి? వాల్మీకి అంబేద్కర్ ఆవాస్ యోజన కింద పేదలకు సర్కారు కట్టించి ఇచ్చిన ఇళ్లు. జక్కంపూడి బ్లాకులూ కేంద్రం పట్టణాల కోసం పెట్టిన జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం పథకం కింద అలా ఇచ్చినవే. అంటే ‘సురక్షితంగా ఉంటారు’ అని సర్కారే పట్టుకెళ్లి కూర్చోబెట్టిన చోట్లు మునిగాయి, ‘ఇక్కడ ఉండటమే తప్పు’ అనిపించుకున్న కృష్ణలంక నిలిచింది.

ఇది వింతేమీ కాదు. ఊరి అంచున చవగ్గా దొరికే ప్రభుత్వ భూమి పల్లపు భూమే అవుతుంది. ఎత్తయిన చోటు ఎప్పుడో వెంచరైపోయి ఉంటుంది. కాబట్టి ఫ్లాట్ తాళం చేతిలో పెట్టేముందు ఆ స్థలంలో వరద మట్టం ఎంతో కాగితం మీద చూపించమని అడగడం పేదవాడి హక్కు. ఇల్లు కొనే మధ్యతరగతివాడు ఈ ప్రశ్న అడిగితే జాగ్రత్తపరుడంటాం. బస్తీవాడు అడిగితే మాత్రం ఇచ్చిందానికి వంకలు పెడుతున్నాడంటాం.

అలాగైతే మూసీకి కూడా గోడ కట్టేస్తే సరిపోదా? సరిపోదు. ప్రకాశం బ్యారేజీ పొడవే కిలోమీటరు దాటుతుంది. అంత వెడల్పున పారే నదికి ఒక పక్కన గోడ లేపితే నదికి పోయేది తక్కువ. మూసీ ఊరి మధ్యలో ఇరుకైపోయింది. అక్కడ గోడ కడితే నీళ్లు పక్క బస్తీ మీదికి, కింది వంతెన మీదికి పోతాయి. 2025 సెప్టెంబర్ చివర్లో ఎగువనున్న జంట జలాశయాల (ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్) గేట్లు ఎత్తిన రాత్రి మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లోకే నీళ్లొచ్చాయి. మూసారాంబాగ్, చాదర్‌ఘాట్ దగ్గర రాకపోకలు ఆపేశారు. ఆ లెక్కన నది గర్భంలోనే ఉన్న ఇళ్లు కదలక తప్పదు. 1908 సెప్టెంబర్ 28 వరదలో వేల మంది పోయిన ఊరికి ఈ మాట కొత్త కాదు. అయితే అప్పుడు మోక్షగుండం విశ్వేశ్వరయ్య చెప్పిన మందు వేరు. నీటిని పైనే ఆపమన్నారు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయి. ఆ జలాశయాల పరీవాహకంలో కట్టడాలను అదుపు చేసిన 111 జీవో ఆంక్షలను ఎత్తేస్తూ 2022లో ఉత్తర్వులిచ్చి, కింద ఒడ్డునున్న గుడిసెను మాత్రం అడ్డమన్నారంటే న్యాయం ఎటు మొగ్గిందో చూసుకోవచ్చు. మూసీలో పారే మురుగు కూడా ఒడ్డున ఉన్నవాళ్లది కాదు, నగరం మొత్తానిది. దాన్ని భరించేది చాదర్‌ఘాట్ బస్తీలు, ఆ తర్వాత యాదాద్రి, నల్గొండ రైతులు.

కాబట్టి మూసీలో ఎర్ర గుర్తు పడిన ఇళ్లకు నా జవాబు మార్పిడే, కానీ ఎక్కడికంటే అక్కడికి కాదు. చాదర్‌ఘాట్ నుంచి కొన్ని కుటుంబాలను మలక్‌పేటలోని పిల్లి గుడిసెల డబుల్ బెడ్‌రూం ఇళ్లకు పంపారు. పాత బస్తీకి దగ్గరే. పిల్లల బడి మారదు, గిరాకీ పోదు, మలక్‌పేట గంజ్ మార్కెట్టులో హమాలీ పని అలాగే ఉంటుంది. దగ్గర్లో ఇలాంటివి ఎన్ని ఖాళీగా ఉన్నాయో లెక్క తీసి, అంతమందినే ముందు కదపాలి. మిగతావాళ్ల కోసం నగరం లోపలే ఉన్న ప్రభుత్వ స్థలాల్లో కట్టాక కదపాలి. ముందు కూల్చి తర్వాత చూద్దామంటే వాళ్లు పదేళ్లు అద్దె కొంపల్లో తిరుగుతారు.

ఇక బుడమేరు. దాన్ని వెడల్పు చేయాలన్న మాట 2024 తర్వాత గట్టిగానే వినిపిస్తోంది, చేయాలి కూడా. గట్ల మీద ఇళ్లున్నాయి కాబట్టి విజయవాడలోనూ ఎర్ర రంగు డబ్బాలు బయటికి వస్తాయి. అక్కడ గోడ కుదరదు, కాలవకు వెడల్పే కావాలి. అప్పుడు ఆ కుటుంబాలను మళ్లీ జక్కంపూడి పల్లంలోకే పంపుతారా, లేక సింగ్‌నగర్ చుట్టుపక్కలే మెరక చూసి కింద పార్కింగు వదిలి పైన కడతారా? కొలతలకు టేపు పట్టుకుని మనుషులు దిగకముందే ఆ జాగా సర్వే నంబరు వార్డు సచివాలయం బోర్డు మీద కనిపించాలి.