హన్మకొండలో "సువార్తలు ఎవరు రాశారు" క్లాసు: వెళ్లొచ్చాను, చెప్తున్నా

హన్మకొండలో ఒక చర్చి వెనక హాల్లో నాలుగు శనివారాలు సాయంత్రం పూట సువార్తల మీద, అంటే బైబిల్‌లో యేసు జీవితం చెప్పే మత్తయి, మార్కు, లూకా, యోహాను అనే నాలుగు పుస్తకాల మీద క్లాసు పెట్టారు. ఫీజు 400 రూపాయలు, జిరాక్స్ నోట్సు, చాయ్ అందులోనే. చెప్పింది రిటైరైన లెక్చరర్ సారు ఒకాయన. ఇంకో బ్యాచ్ మొదలవుతుందట, వెళ్లాలా వద్దా అని మా ప్రార్థన గుంపులో రోజుకొకరు అడుగుతున్నారు కాబట్టి అందరికీ కలిపి రాస్తున్నా. వెళ్లండి. ఇబ్బందులు కూడా ఉన్నాయి, అవీ చెప్తా.

నేను చిన్నప్పటి నుంచి చర్చిలో పెరిగిన మనిషిని. మత్తయి సువార్త మత్తయి రాశాడు, యోహానుది యోహాను రాశాడు, ఇందులో అడగడానికేముంది అనుకునేదాన్ని. మొదటి రోజే సారు అందరితో బైబిల్ తెరిపించి, "ఇది రాస్తున్నది నేను, నా పేరు మత్తయి అని ఎక్కడుందో చూపించండి" అన్నారు. హాలంతా పేజీలు తిప్పిన చప్పుడే. ఎక్కడా లేదు. తొమ్మిదో అధ్యాయంలో యేసు మత్తయిని పిలిచిన సంగతి కూడా వేరే మనిషి గురించి చెప్పినట్టే ఉంది. మిగతా మూడూ అంతే, రాసినాయన పేరు లోపల లేదు. మరి పేర్లెక్కడివి అంటే, క్రీ.శ. 2వ శతాబ్దం మొదట్లో హియెరాపొలి (ఇప్పటి టర్కీలో ఉంది) బిషప్ పాపియాస్, మార్కు యేసు శిష్యుడైన పేతురుకు దుబాసీగా ఉండి గుర్తున్నంత మటుకు రాశాడని, కానీ వరుసగా రాయలేదని చెప్పాడట, ఆ మాట మనకు దక్కింది 4వ శతాబ్దపు బిషప్ యూసేబియస్ తన సంఘ చరిత్ర పుస్తకంలో ఎత్తి రాయడం వల్ల. 150 ప్రాంతంలో జస్టిన్ అనే క్రైస్తవ రచయిత "అపొస్తలుల జ్ఞాపకాలు" అన్నాడు, ఆ నలుగురి పేర్లు పెట్టలేదు. 180 ప్రాంతానికి వచ్చేసరికి లియోన్ బిషప్ ఇరేనియస్ నలుగురినీ పేరుపేరునా చెప్పాడు.

నా పక్కన కూర్చున్న పెద్దమ్మకి టెన్షన్ పట్టుకుంది. "గట్లయితే ఇన్నేండ్లు మాకు అబద్ధం చెప్పిన్రా సారూ?" అని లేచి నిలబడి అడిగింది. సారు ఆమెను తక్కువ చేయలేదు, ఆ ప్రశ్నకు పావుగంట ఇచ్చారు. "ఐనవోలు జాతరలో మల్లన్న కథ విన్నరు కదమ్మా, ఒగ్గు కథ చెప్పేవాళ్లు అది ఎవరు కట్టిన్రో చెప్తరా? పేరు లేనంత మాత్రాన అబద్ధం కాదు, ముందు నోటితో నడిచింది, తర్వాత కాగితం మీదికి వచ్చింది" అన్నారు. పెద్దమ్మ కూర్చుంది. నాలుగు వారాలూ మానకుండా వచ్చింది కూడా.

ఈ క్లాసులో నాకు అన్నిటికంటే విలువైంది రెండో శనివారం. ఒక కాగితం మీద మత్తయి, మార్కు, లూకా పక్కపక్కనే మూడు వరుసల్లో వేసి ఇచ్చారు, కలిసిన మాటలన్నిటికీ ఎర్ర పెన్సిల్‌తో గీత గీయమన్నారు. ఒగ్గు బృందాలు రెండు ఒకే కథ చెప్తే కథ కలుస్తుంది, మాటలు కలవవు. ఇక్కడ మాటకు మాట కలుస్తోంది. మార్కు 13:14 దగ్గర యేసు మాట్లాడుతూ ఉండగా మధ్యలో "చదువువాడు గ్రహించుగాక" అని ఉంటుంది. మత్తయి 24:15 లోనూ సరిగ్గా అదే చోట అదే మాట. కొండ మీద కూర్చుని వింటున్న శిష్యులతో "చదువువాడు" అని ఎందుకంటారు, అది రాసినాయన తన పాఠకుడికి చెప్పుకున్న మాట అనే చాలామంది పండితులు చెప్తారట, అది రెండు పుస్తకాల్లోనూ అట్లాగే ఉందంటే ఒకాయన ముందు ఇంకొకాయన రాసింది ఉన్నట్టే కదా. ఎన్నేళ్లుగానో చదువుతున్న వాక్యం, ఆ రోజు దాని కింద గీత గీస్తుంటే నా చేయి ఆగిపోయింది. మార్కులో 661 వచనాలుంటే దాదాపు 600 వచనాల సంగతి మత్తయిలో ఉందట. అందుకే మార్కు ముందు, క్రీ.శ. 70 ప్రాంతంలో, అంటే రోమా సైన్యం యెరూషలేము దేవాలయాన్ని కూల్చిన రోజుల్లో వచ్చిందని, మత్తయి, లూకా తర్వాత పది ఇరవై ఏళ్లకు వచ్చాయని ఎక్కువమంది పండితుల లెక్క. లూకా అయితే ముందే చెప్పుకున్నాడు, తనకంటే ముందు అనేకులు రాయడానికి పూనుకున్నారని, కన్నులారా చూసినవాళ్లు అప్పగించినదాన్ని తాను తరచి చూసి వరుసగా రాస్తున్నానని. మొదటి నాలుగు వచనాలే. నేను ఎప్పుడూ వాటిని దాటేసి ఆ తర్వాత వచ్చే జెకర్యా కథ దగ్గరికి వెళ్లిపోయేదాన్ని.

325లో నీకయ అనే ఊళ్లో బిషప్‌లంతా కూడిన సభ ఓటేసి నాలుగు సువార్తలు ఎంచిందని వాట్సాప్‌లో తిరుగుతుంటుంది చూడండి, మా మరిది కూడా పంపాడు. అది తప్పని ఇక్కడే తెలిసింది. నాలుగే అని ఇరేనియస్ అంతకు వందేళ్ల పైనే ముందు వాదించాడు, నీకయలో ఏ పుస్తకాలు ఉండాలన్న పట్టిక పనే జరగలేదు. కొత్త నిబంధనలో ఇప్పుడున్న 27 పుస్తకాల పట్టిక 367లో అలెగ్జాండ్రియా బిషప్ అతనాసియస్ రాసిన ఉత్తరంలో ఉంది.

ఇక బాగాలేనివి. ఐదింటికి అని చెప్పి ఒక్క రోజు కూడా ఐదున్నరకు ముందు మొదలుపెట్టలేదు, నాలాగా పరకాల బస్సు పట్టుకోవాల్సినవాళ్లు చివరి ప్రశ్నలు వినకుండానే లేచి రావాలి. యోహానుకి మిగిలింది నలభై నిమిషాలే, ఇది అన్యాయం. 21:24 లో "ఆయన సాక్ష్యం సత్యమని మేము ఎరుగుదుము" అన్న ఆ "మేము" ఎవరు అని నేను అడిగితే, ఆ సాక్ష్యం చెప్పిన శిష్యుడి చుట్టూ ఉన్న సంఘం అయ్యుండొచ్చు అని ఒక్క ముక్కలో చెప్పి ముందుకు వెళ్లిపోయారు, నాకు దాని మీదే ఒక పూట కావాలి. మాంచెస్టర్‌లో ఉన్న పాపిరస్ (పాతకాలపు రెల్లు కాగితం) ముక్క, అరచేయంత కూడా ఉండదట, రెండు వైపులా యోహాను 18వ అధ్యాయం, దాని ఫోటో నోట్సులో నల్లటి మరకలా అచ్చయింది. 400 తీసుకున్నప్పుడు ఆ ఒక్క పేజీ అయినా కలర్‌లో ఇవ్వాలి.

మీ బైబిల్ మీరే తీసుకెళ్లండి, అక్కడ ఇచ్చేవి ముగ్గురికి ఒకటి. ముందు రెండు వరసల్లో కూర్చోండి, ఫ్యాన్ల మోతకి వెనక మైకు వినపడదు.