వైజాగ్ సబ్‌మెరైన్‌కి ప్యాకేజీ కొంటున్నారా? ఒక్క నిమిషం ఆగండి

ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా పెట్టిన కురుసుర సబ్‌మెరైన్ చూడ్డానికి ఫోన్‌లో ప్యాకేజీ కొనకండి. మేం కొని నలుగురికీ కలిపి 1,800 రూపాయలు పోగొట్టుకున్నాం.

"క్యూ లేకుండా నేరుగా లోపలికి, యుద్ధనౌక కూడా" అని ఒక టూర్ ఏజెంటు వాట్సాప్‌లో పోస్టర్ పంపాడు. నాన్నకు నేవీ అంటే ప్రాణం, ఇంకేం ఆలోచించకుండా డబ్బు కట్టేశాను. వ్యాన్ మమ్మల్ని సోమవారం తీసుకెళ్లి దించింది. గేటుకు తాళం. "సోమవారం సెలవు కదమ్మా" అన్నాడు వాచ్‌మన్. ఏజెంటుకి ఫోన్ చేస్తే, "మేడమ్, సబ్‌మెరైన్ వ్యూ అని రాశాం, ఎంట్రీ అని ఎక్కడా లేదు" అన్నాడు. పోస్టర్ పెద్దది చేసి చూస్తే నిజమే, అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. బీచ్ రోడ్డులో ఆటోలో పోతున్నా కనిపించే వ్యూకి మనిషికి 450!

మరి యుద్ధనౌక? బోటులో తిప్పి దూరం నుంచి చూపిస్తారట. ఇక్కడ నా తప్పూ ఉంది. రిటైరైన విమానవాహక యుద్ధనౌక ఐఎన్‌ఎస్ విరాట్‌ని వైజాగ్‌లో మ్యూజియం చేస్తారని ఎప్పుడో పేపర్లో చదివింది బుర్రలో ఉండిపోయి, పోస్టర్‌లోది అదే అనుకున్నాను. అది 2020లోనే గుజరాత్‌లోని అలంగ్‌కు తుక్కు కింద వెళ్లిపోయింది. నేవీ నౌకల్లోకి మామూలు రోజుల్లో డబ్బు కట్టినా పంపరు. డిసెంబరు 4 నేవీ డే ముందూ వెనకా నేవీయే ప్రకటించి కొన్నిటిని జనానికి చూపిస్తూ ఉంటుంది, అంతే.

రైలు టికెట్లు మార్చుకుని మర్నాడు మళ్లీ వెళ్లాం. కౌంటర్‌లో టికెట్లు తీసుకోవడానికి పట్టింది పది నిమిషాలు! సబ్‌మెరైన్ మాత్రం తప్పకుండా చూడాల్సిందే. సోవియట్ యూనియన్‌లో తయారై, 1969లో మన నేవీలో చేరి, 71 యుద్ధంలో అరేబియా సముద్రంలో గస్తీ తిరిగి, 2001లో రిటైరైంది. పొడవు 91 మీటర్లు, లోపల ఇద్దరు ఎదురుపడితే ఒకరు గోడకు అతుక్కోవాల్సిందే. టార్పెడోల పక్కనే పడకలు. గైడ్ నేవీలో చేసి రిటైరైన ఆయన. నాన్న ఒక ప్రశ్న అడిగితే ఆయన పది విషయాలు చెప్పారు, ఇద్దర్నీ అక్కణ్ణుంచి కదపలేకపోయాం.

అయితే గదికీ గదికీ మధ్య తల వంచి, కాలెత్తి దాటాలి. మోకాళ్ల నొప్పులున్న అమ్మ సగంలోనే ఇబ్బంది పడింది. ఇరుకంటే ఊపిరాడనివాళ్లూ, చంటిపిల్లలున్నవాళ్లూ ముందే ఆలోచించుకోండి.

రీఫండ్ అడిగితే, "మంచి రివ్యూ పెట్టండి మేడమ్, చూద్దాం" అన్నాడు ఏజెంటు. పోస్టర్, పేమెంట్ స్క్రీన్‌షాట్లు దాచుకుని 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు చేశాను. డబ్బు వస్తే ఇక్కడే రాస్తాను.