ముందు ఎవరి కత్తి? ‘మౌస్ గార్డ్’ పోరాట నియమాలపై ఒక సమీక్ష

బల్ల చుట్టూ కూర్చొని ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా కథ నడిపే టేబుల్‌టాప్ రోల్ ప్లేయింగ్ ఆటల్లో, కత్తులు దూసిన ఇద్దరు ఒకేసారి కలబడతారని మనం ఊహించుకుంటాం గాని, నియమాల పుస్తకం తెరిచేసరికి వాళ్లు తమ వంతు కోసం కాచుకొని ఉంటారు. డన్జన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆట అయిదో ఎడిషన్‌లో ఒక రౌండ్ అంటే కథలో 6 సెకన్లు. ఆ కాస్త సమయంలో అందరూ కదులుతున్నట్టే లెక్క. అయినా వంతుల క్రమాన్ని తేల్చే ఇనిషియేటివ్ పాచికలో ముందు నిలిచినవాడి దెబ్బకు శత్రువు కూలిపోతే, ఆ శత్రువు అదే క్షణంలో ఎత్తిన కత్తి ఏమైందన్న ప్రశ్నకు అక్కడ చోటే లేదు. ఈ చిక్కును ‘మౌస్ గార్డ్’ ఎలా విప్పిందో చూద్దామని మా బృందం దీన్ని కొన్ని వారాలపాటు ఆడింది.

డేవిడ్ పీటర్సన్ కామిక్స్ ఆధారంగా ల్యూక్ క్రేన్ రూపొందించిన ఈ ఆట 2008లో వచ్చింది. ఆటగాళ్లందరూ చిట్టెలుకల రాజ్యానికి కాపలా కాసే గార్డులు. ఎలుకలే కదా అని చులకనగా కూర్చున్నవారు ముంగిసను పోలిన వీజిల్ శత్రువు మొదటిసారి ఎదురయ్యేదాకే అలా ఉండగలరు.

పోరాటం మొదలవగానే ప్రతి పక్షానికీ డిస్పొజిషన్ అనే అంకె ఒకటి ఏర్పడుతుంది. అది సున్నాకు చేరిన పక్షం ఓడినట్టు. ఆ తర్వాత ఇరుపక్షాలూ దాడి, రక్షణ, బూటకపు దాడి, పన్నాగం అనే నాలుగింటి నుంచి మూడు ఎత్తులను వరుసగా, రహస్యంగా ఎంచుకొని, మొదటిదానికి మొదటిది, రెండోదానికి రెండోది చొప్పున ఒకేసారి బయటపెడతాయి. ఒకసారి చీటీల మీద రాసుకున్నాక మార్చుకునే వీలు లేదు. ఎవరు ముందన్న ప్రశ్నను నియమం జవాబు చెప్పి తీర్చలేదు, అసలు ఆ ప్రశ్నే పుట్టకుండా చేసింది.

అసలు బలం ఎత్తులు ఒకదానికొకటి తగిలే తీరులో ఉంది. దాడికి దాడి ఎదురైతే ఇద్దరూ విడివిడిగా పాచికలు వేస్తారు, 4 గాని అంతకు మించి గాని పడిన ప్రతి పాచికా ఎదుటివారి డిస్పొజిషన్‌లో ఒకటి కోస్తుంది. కనుక ఇద్దరూ ఒకే క్షణంలో కూలిపోవడం కూడా సాధ్యమే. దాడికి రక్షణ ఎదురైతే ఇద్దరి ఫలితాలను పోల్చి ఎక్కువ తక్కువలు తేలుస్తారు. రక్షణకు బూటకపు దాడి ఎదురైతే రక్షించుకునేవారికి పాచికలు వేసే అవకాశమే ఉండదు; కానీ అదే బూటకపు దాడి అసలైన దాడి ముందు పడితే, ఈసారి పాచికలు వేయకుండా ఊరుకోవలసింది మోసగాడే. ఎత్తుకు పైఎత్తు అనే మాటకు ఇంతకన్నా సూటి రూపం నాకు మరో ఆటలో కనిపించలేదు. డిస్పొజిషన్ రెండుకు పడిపోయిన శత్రువు ఇప్పుడు తప్పక రక్షణకే దిగుతాడని మేము బూటకపు దాడి రాసుకున్నాం, అతను తెగించి దాడి రాశాడు. చీటీలు తెరిచిన ఆ క్షణంలో బల్ల చుట్టూ లేచినంత కేక, పాచికలు పడ్డాక కూడా లేవలేదు.

లోపాలు లేకపోలేదు. శత్రువుల పక్షాన ఆడే నిర్వాహకుడు ఒంటరిగా మూడు ఎత్తులు ఆలోచిస్తుంటే, అటువైపు నలుగురు గుసగుసలాడుతూ పది నిమిషాలు గడిపేస్తారు. ఒక్కో ఎత్తుకు పాచికలు వేసేది ఒక్కరే, మిగిలినవారు సాయంగా ఒక్కో పాచిక ఇచ్చి ఊరుకోవాలి. దూరం, ఎత్తుపల్లాలు, ఎవరు ఎక్కడ నిలబడ్డారు అన్నవాటికి ఇక్కడ కొలత లేదు, బొమ్మలూ గళ్లూ పరుచుకొని ఆడటానికి అలవాటుపడ్డవారికి ఇది గాలిలో యుద్ధంలా తోస్తుంది. అన్నిటికన్నా కష్టమైన పని వర్ణన: రెండు దాడులూ తగిలాయని నియమం తేల్చేస్తుంది గాని, అవి ఒకే క్షణంలో ఎలా తగిలాయో చెప్పవలసినది ఆడేవారే. అది ఎవరూ చెప్పకపోతే మిగిలేది చీటీల ఆట మాత్రమే.

ఏకకాలం అంటే ఇదొక్కటే దారి కాదు. 1975 నాటి టన్నెల్స్ అండ్ ట్రోల్స్ అనే ఆట ఇరుపక్షాల పాచికల మొత్తాలను పోల్చి, తేడాను ఓడిన పక్షం మీద వేసి ఊరుకుంటుంది. అది వేగమైనది, కానీ అందులో ఎత్తు ఊహించే ఉత్కంఠ లేదు. క్రేన్ ముందు రాసిన బర్నింగ్ వీల్ అనే ఆటలోని పోరాటం ఇదే పద్ధతికి విస్తృత రూపం, దానికి అన్ని ఎత్తులూ గుర్తుపెట్టుకునే ఓపిక కావాలి.

ఇద్దరు ముగ్గురు ఆటగాళ్లతో, కథలో ఒకటి రెండు కీలక పోరాటాలే ఉండే బృందానికి దీన్ని నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. ప్రతి వారం అరడజను చిన్న కొట్లాటలు కోరుకునేవారు మాత్రం ఈ మూడు చీటీల తతంగాన్ని పెద్ద పోరుకే దాచుకొని, మిగిలినవాటిని ఒకే పాచికల పరీక్షతో తేల్చేయడం మంచిది, అందుకు నియమాలు అనుమతిస్తాయి కూడా.